దీపావళికి వాకిలి ఊడవొద్దన్నారు – నా అనుభవం

మా ప్యాటియోలో తులసి కుండీ పక్కన, కాలిపోయిన పాత మిలిటరీ షెడ్డు నుంచి ఎగిరొచ్చిన బొటనవేలంత ఆస్బెస్టాస్ పెంకు ఒకటి పడి ఉంది. దాన్ని ఎత్తడానికి తెల్ల సూట్లు, రబ్బరు మాస్కులు వేసుకుని ముగ్గురు మనుషులు వచ్చారు, నీళ్ళు చల్లారు, చిమ్టాతో తీసి రెండు సంచుల్లో ఒకదాంట్లో ఒకటి పెట్టి టేపేసి పట్టుకెళ్ళారు. పని ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల కోసం నేను పంతొమ్మిది రోజులు ఫోన్లు చేశా, ఫారాలు నింపా, ఇన్సూరెన్స్ వాళ్ళతో గొడవపడ్డా. మళ్ళీ ఎవరికైనా ఇలాంటి ఖర్మ పడితే పనికొస్తుందని గుర్తున్నంత వరకు రాస్తున్నా.

మేముండేది కాలిఫోర్నియాలో టస్టిన్, ఇర్వైన్‌కి ఆనుకునే ఉంటుంది, మనవాళ్ళు బోలెడు మంది. ఇప్పుడు టౌన్‌హోమ్‌లు, షాపులు, పార్కులు ఉన్న ఈ టస్టిన్ లెగసీ అంతా ఒకప్పుడు మిలిటరీ బేస్. 1942లో నేవీ కట్టింది, పసిఫిక్ తీరంలో జపాన్ సబ్‌మెరైన్లు తిరుగుతున్నాయేమో చూడ్డానికి బ్లింప్‌లు, అంటే గ్యాస్ నింపిన పెద్ద బెలూన్ ఓడలు ఎగరేసేవాళ్ళు. ఆ బ్లింప్‌లు పెట్టుకోడానికి రెండు హ్యాంగర్లు, అంటే పెద్ద షెడ్లు. యుద్ధంలో స్టీలు దొరక్క దాదాపు మొత్తం చెక్కతోనే కట్టారు, 17 అంతస్తుల ఎత్తు, వెయ్యి అడుగులు దాటి పొడవు. తర్వాత 1951 నుంచి మెరైన్ల హెలికాప్టర్ బేస్ అయింది, 1999లో మూసేశారు. హ్యాంగర్లు మాత్రం ఉండిపోయాయి. ఫ్రీవే మీద వస్తుంటే దూరం నుంచే రెండు ఏనుగులు పడుకున్నట్టు కనపడేవి, మావాడు చిన్నప్పుడు అవి కనపడితే ఇల్లొచ్చేసిందని చెప్పులు వేసుకునేవాడు.

ఇల్లు కొన్నది 2019లో. ఇక్కడ ఇల్లు కొంటే డిస్‌క్లోజర్లని ఒక కట్ట ఇస్తారు, భూకంపం జోనా, వరద జోనా, పక్కన ఏముంది అన్నీ. మాది రెండొందల పేజీల పైనే ఉంది. రాత్రి పదకొండింటికి పిల్లాణ్ణి పడుకోబెట్టి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఇద్దరం లాప్‌టాప్‌లో సంతకం, సంతకం, సంతకం అని నొక్కుకుంటూ పోయాం. ఒక పేజీలో మాత్రం ఆగా. ఇది పాత బేస్ స్థలం, కొన్ని చోట్ల భూగర్భ జలాల్లో సాల్వెంట్లు కలిశాయి, ఇక్కడ బావి తవ్వకూడదు, నీళ్ళు తోడకూడదు అని ఉంది. నేను మా ఆయనతో "ఇదిగో బోరు వేయకూడదంట" అన్నా, ఇద్దరం తెగ నవ్వుకున్నాం. ఒంగోలులో మా నాన్న స్థలం కొన్నప్పుడు మొదట అడిగింది బోరు ఎన్నడుగుల్లో పడుతుందని. ఇక్కడ టౌన్‌హోమ్‌కి బోరేంటి, మున్సిపల్ నీళ్ళొస్తాయి కదా అని ముందుకెళ్ళిపోయాం. ఆ నవ్వు ఇప్పుడు తల్చుకుంటే కొంచెం సిగ్గుగానే ఉంటుంది, ఎందుకు కలిశాయని కూడా అడగలేదు మేము.

ఎందుకో తర్వాత చదివా. విమానాల పార్టులకి, హెలికాప్టర్ పార్టులకి అంటిన గ్రీజు కడగడానికి ఆ రోజుల్లో టీసీఈ అనే సాల్వెంట్ వాడేవాళ్ళు, మన మెకానిక్ షెడ్డులో కిరసనాయిలు వాడినట్టు. కడిగింది కడిగినట్టు కారిపోయేది, నేలలోకి దిగేది. అది నీళ్ళకంటే బరువు, పైన తేలదు, దిగుతూనే పోతుంది, నెమ్మదిగా నీళ్ళతో పాటు నడుస్తుంది. దానివల్ల క్యాన్సర్ వస్తుందని తేలింది. మా దగ్గర్లోనే ఎల్ టోరో అని ఇంకా పెద్ద బేస్ ఉండేది, అదీ 1999లోనే మూశారు. అక్కడ 1985లో మామూలుగా బావుల నీళ్ళు టెస్ట్ చేస్తుంటే టీసీఈ బయటపడింది, అది బేస్ దాటి ఇర్వైన్ కిందకి దాదాపు మూడు మైళ్ళు పాకింది. 1990లో దాన్ని సూపర్‌ఫండ్ లిస్టులో, అంటే బాగా కలుషితమై ప్రభుత్వం శుభ్రం చేయించాల్సిన స్థలాల లిస్టులో పెట్టారు. ఇప్పుడక్కడ గ్రేట్ పార్క్, చుట్టూ కొత్త ఇళ్ళు, మా ఫ్రెండ్స్‌లో నలుగురు అక్కడే కొన్నారు. ఆ కలుషితమైన నీళ్ళు తోడి, శుద్ధి చేసి, తాగడానికి కాకుండా తోటలకి వాడతారు. తాగే నీళ్ళ బావులు వేరే. ఇదంతా పబ్లిక్ రికార్డే, ఎవరూ దాచలేదు. మనమే చదవం.

ఇక అసలు సంగతి. 2023 నవంబరు 7, మంగళవారం. అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర అయ్యుంటుంది, అమ్మ మా గది తలుపు కొట్టింది. అప్పటికి తను వచ్చి నెలన్నర. "అమ్మాయ్, ఎక్కడో గడ్డివాము అంటుకున్నట్టుంది, వాసన చూడు" అంది. టస్టిన్‌లో గడ్డివామేంటమ్మా అని కిటికీ తెర తీస్తే ఆకాశం మొత్తం నారింజ రంగు. ఉత్తరం వైపు హ్యాంగర్ కాలిపోతోంది. ఎనభై ఏళ్ళ ఎండు చెక్క మరి. తెల్లారేసరికి హెలికాప్టర్లతో పైనుంచి నీళ్ళు పోస్తున్నారు, అంత ఎత్తుకి నిచ్చెనలు అందవు, లోపలికి పోతే మీద కూలుతుంది, చివరికి ఇక దాని మానాన అది కాలి కూలిపోవడమే నయం అనుకున్నారు. మేం బాల్కనీలో నిలబడి కాఫీ తాగుతూ వీడియోలు తీశాం. అందరూ తీశారు. ఆ వీడియోలో మా మీద నల్లగా చిన్న చిన్న పేలికలు రాలుతుండటం, మావాడు వాటిని అరచేత్తో పట్టుకోబోవడం కూడా ఉంది, దాన్ని ఇప్పటికీ నేను పూర్తిగా చూడలేను.

ఆస్బెస్టాస్ ఉందని తెలిసింది ఆ తర్వాత. హ్యాంగర్ కట్టడంలో ఆస్బెస్టాస్ ఉంది, పాత రంగుల్లో సీసం ఉంది. శిథిలాల శాంపిళ్ళలో ఆస్బెస్టాస్ దొరికిందని ఎయిర్ క్వాలిటీ వాళ్ళు చెప్పాక ఫోన్లలో వరసగా అలర్ట్‌లు. కిటికీలు మూయండి, ఏసీ ఆపండి, బయట ముక్కలు కనపడితే ముట్టుకోకండి, ఊడవకండి, బ్లోయర్ పెట్టకండి, వ్యాక్యూమ్ చెయ్యకండి, చెప్పులు బయటే విడవండి. స్కూళ్ళు మూసేశారు. కాలనీలో ఆకులు ఊదే మిషన్ల మోత ఆగిపోయింది, అది లేకుండా ఈ కాలనీ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

అలర్ట్ వచ్చి నేను కిందకి పరిగెత్తేసరికి అమ్మ అప్పటికే వాకిలి ఊడ్చేసింది. ఒంగోలు నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న చీపురుతో. ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు కూడా వేసేసింది. నేను గట్టిగా అరిచా, అరవకుండా ఉండాల్సింది. "ఏంటే, బూడిదేగా" అంది. ఆస్బెస్టాస్ అమ్మా, లోపలికి పీలిస్తే క్యాన్సర్ అన్నా. ఆస్బెస్టాస్ అంటే ఏంటంది. రేకులమ్మా, మన ఇంటి మీద ఉన్న సిమెంటు రేకులు అన్నా.

అమ్మ చీపురు పక్కన పెట్టి నా మొహంలోకి అలా చూసింది. "వాటి కిందేగా నిన్ను కన్నది" అంది.

నిజమే. మాది రేకుల ఇల్లు. నాకు పదహారేళ్ళొచ్చేదాకా స్లాబు లేదు. స్కూల్లో సైన్సు పుస్తకంలో రాతినార అని చదివి, మార్కులు తెచ్చుకుని, అది మా నెత్తి మీద ఉన్నదే అని ఎప్పుడూ అనుకోలేదు. తుఫానుకి రేకు పగిలితే ముక్కలు దాచుకునేవాళ్ళం, తొక్కుడు బిళ్ళకి దాన్ని మించింది లేదు, కుండ పెంకులా జారిపోదు, గీసిన గడిలో వేస్తే అక్కడే ఆగుతుంది. అంచులు గుండ్రంగా రావడానికి గచ్చు మీద అరగదీసేదాన్ని, తెల్లగా పొడి రాలేది, ఉఫ్ అని ఊదేదాన్ని.

రేకులో ఉన్నంతకాలం ఆ నార సిమెంట్‌లో ఇరుక్కుని ఉంటుందట, పగిలినప్పుడు, కోసినప్పుడు, అరిగినప్పుడు, ఇలా కాలి పేలినప్పుడు గాల్లోకి లేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు, జబ్బు పైకి తేలడానికి ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళు కూడా పట్టొచ్చు. ఆ లెక్కన నా తొక్కుడు బిళ్ళ గడువు ఇప్పుడే మొదలవుతోంది. ఈ మాట మా ఆయనతో అంటే "రేకుల కింద సగం ఆంధ్రా బతికింది, ఊరుకో" అన్నాడు. ఊరుకున్నా.

మర్నాడు వెనక ప్యాటియో గాజు తలుపులోంచి చూస్తుంటే కనపడింది ఆ పెంకు. బూడిద రంగు, ఒక వైపు మసి, పొరలు పొరలుగా ఉంది, విరిగిన అంచున దారాలు బయటికొచ్చి ఉన్నాయి, పాత గోనెసంచి చింపితే పీచు లేచినట్టు. చూడగానే గుర్తుపట్టేశా, అంత బాగా తెలుసు నాకది. ఫొటో తీసి, ఆన్‌లైన్ ఫారం నింపా. పేరు, అడ్రసు, ముక్క సైజు, ఎక్కడ పడింది, ఇంట్లో పిల్లలున్నారా. ఒక నంబర్ వచ్చింది. ఆ నంబర్ జాగ్రత్తగా రాసి పెట్టుకోండి, ఆ తర్వాత ప్రతి ఫోన్ కాల్ దాంతోనే మొదలవుతుంది. నేను చేసిన పొరపాటేంటంటే ఫొటోలో స్కేలు పెట్టలేదు, సైజు తెలియట్లేదు మళ్ళీ పంపండన్నారు, మా ఆయన మాస్క్ వేసుకుని తలుపు సందులోంచి చీపురు కర్రకి రూపాయి బిళ్ళ అంటించి పక్కన పెట్టి ఫొటో తీశాడు. ఇక్కడి బిళ్ళ పెట్టాలి కదా, వాళ్ళకి రూపాయి బిళ్ళ సైజు ఏం తెలుసు అని మూడో ఫొటో తీశాం.

శుభ్రం చేసేది ముందు స్కూళ్ళు, పార్కులు, తర్వాత ఇళ్ళు. అది న్యాయమే, నాకేం కోపం లేదు. కోపం వచ్చింది ఇన్సూరెన్స్ దగ్గర. మాది టౌన్‌హోమ్ కాబట్టి గోడల బయట అంతా హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం, పాలసీ కింద, లోపల మాత్రం మాది. ప్యాటియో ఎవరిది? నా ఇన్సూరెన్స్ కంపెనీ అది హెచ్‌ఓఏది అంది. హెచ్‌ఓఏ మేనేజర్ అది ఎక్స్‌క్లూజివ్ యూజ్ కామన్ ఏరియా అన్నాడు, అంటే స్థలం అందరిదీ, వాడుకునేది మీరొక్కరే, కాబట్టి శుభ్రం మీదే అని అర్థమట. తులసి కుండీ నాది, దాని కింద రాయి వాళ్ళది, ఆ రాయి మీద పెంకు ఎవరిదో తేలడానికి ఆరు రోజులు. లోపలి దుమ్ము సంగతి అడిగితే ముందు పొగ, మసి కవర్ అవుతుంది అన్నారు, ఆస్బెస్టాస్ అన్న మాట నా నోట్లోంచి రాగానే అది పొల్యూషన్ ఎక్స్‌క్లూజన్‌లోకి, అంటే కాలుష్యానికి డబ్బులివ్వం అనే షరతులోకి వస్తుందేమో చూడాలి అన్నారు. ఈ విషయంలో నా సలహా ఒకటే, ఫోన్‌లో మాట్లాడినదంతా అయ్యాక అదే ఈమెయిల్‌లో రాసి పంపండి, "మీరు ఇలా అన్నారు, నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా" అని. ఈమెయిల్ వెళ్ళాక మాట మారడం తగ్గింది.

హ్యాంగర్ నేవీ సొంతం, మూసేసిన ఇరవై నాలుగేళ్ళ తర్వాత కూడా వాళ్ళ పేరు మీదే ఉంది. 2013లోనే దాని కప్పు కొంత కూలింది. ఈ మాట అమ్మకి చెప్తే అద్దె ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు కూడా సున్నం కొట్టించి, నీళ్ళ బిల్లు కట్టి పోతారే, వీళ్ళకి ఆ మాత్రం లేదా అంది. బేస్‌లు మూసినచోట శుభ్రం చేసే కార్యక్రమం ఉందమ్మా, నేల కింద నీళ్ళకైతే ఏళ్ళ తరబడి చేస్తూనే ఉన్నారు అన్నా. మరి నేల పైన ఉన్నదో అంది. నా దగ్గర జవాబు లేదు, పులుసులో ఉప్పు చూడమని మాట మార్చా.

ఆ ఆదివారమే దీపావళి. 12వ తారీఖు. సాయంత్రం మామూలుగా మా వీధిలో పది పదిహేను ఇళ్ళ ముందు ప్రమిదలు పెడతారు, తెలుగు, తమిళం, గుజరాతీ అందరూ. ఆ ఏడు గుమ్మాలన్నీ బోసిపోయి ఉన్నాయి. అమ్మ ముగ్గు పొడి డబ్బా పట్టుకుని తలుపు లోపల ఐదు నిమిషాలు నుంచుంది. చివరికి షూ స్టాండ్ జరిపి, ఆ రెండడుగుల చెక్క ఫ్లోర్ మీద చిన్న ముగ్గేసి, ఎలక్ట్రిక్ దీపాలు పెట్టింది. మావాడు కాకరపువ్వొత్తులేవి అన్నాడు. పొగ ఇంకా పోలేదు, నిప్పు అక్కడక్కడా మళ్ళీ రాజుకుంటూ డిసెంబరు దాకా సతాయించింది. కార్తీకమాసంలో తులసి దగ్గర దీపం పెట్టడానికి కూడా లేకపోయె, గాజు తలుపు ఇవతల పెట్టి అవతలున్న తులసికి దణ్ణం పెట్టుకునేది. మధ్యలో ఆ పెంకు. నీళ్ళు పోయకపోవడంతో తులసి వడిలిపోయింది, చివరికి మా ఆయన బాల్కనీలోంచి పైపుతో సన్నగా వదిలాడు.

నవంబరు 27న వచ్చారు పైన చెప్పిన ముగ్గురూ. నేను గాజు తలుపులోంచి చూస్తున్నా, అమ్మ నా వెనకాల. నీళ్ళలో ఏదో సబ్బులాంటిది కలిపి స్ప్రే చేశారు, పొడి లేవకుండా. పెంకు తీశాక ఆ ప్యాటియో మొత్తం తడి గుడ్డలతో తుడిచి ఆ గుడ్డలు కూడా సంచిలో వేశారు. తులసి కుండీలో పైన రెండంగుళాల మట్టి తీసేస్తాం అన్నారు, మొక్కనే పట్టుకుపోతారేమో అని అమ్మ కంగారు పడింది. వాళ్ళలో ఒకావిడ మెక్సికన్ అమ్మాయి, మాస్క్ తీశాక మొహం మీద ఎర్రగా గీత, మంచినీళ్ళు అడిగింది, అమ్మ నీళ్ళతో పాటు గారెలు కూడా ఇచ్చింది, వ్యాన్ దగ్గరికెళ్ళి తిన్నారు. ఆ సాయంత్రమే ఈమెయిల్‌లో ఉత్తరం వచ్చింది, కంటికి కనపడే శిథిలాలు లేవు అని. ఈ మాటలు జాగ్రత్తగా చదవండి. కంటికి కనపడేవి లేవు, అంతే. లోపల దుమ్ము సంగతి కాదు.

అందుకని లోపల సొంత డబ్బుతో టెస్ట్ చేయించాం. ల్యాబ్ ఫీజు పెద్దగా లేదు, మనిషి రావడానికే ఆరొందలు పైన తీసుకున్నాడు. హాల్లో ఏం లేదు, పిల్లాడి గదిలో ఏం లేదు, ఏసీ రిటర్న్ ఫిల్టర్ మీద మాత్రం 1 శాతం కంటే తక్కువ అని వచ్చింది. ఇక్కడ ఏ మెటీరియల్లో అయినా ఆస్బెస్టాస్ 1 శాతం దాటితేనే ఫెడరల్ రూల్స్ ప్రకారం దాన్ని ఆస్బెస్టాస్ మెటీరియల్ అంటారు. అంటే కాగితం ప్రకారం మా ఫిల్టర్‌లో ఉన్నది లేనట్టే. ఇన్సూరెన్స్ వాళ్ళు ఆ లైను పట్టుకున్నారు. మేం టెస్ట్ రిపోర్ట్, అగ్గిలో రాలుతున్న పేలికల వీడియో, ఈమెయిల్స్ అన్నీ ఒకటే ఫైల్‌గా చేసి పంపితే ఫిబ్రవరిలో పొగ, మసి కింద డక్ట్ క్లీనింగ్‌కి, ఫిల్టర్లకి ఇచ్చారు. టెస్ట్ డబ్బులు ఇవ్వలేదు. ఆ వీడియో అలా పనికొచ్చింది, తీసినందుకు సంతోషించాలో ఏడవాలో తెలీదు.

అమ్మ మార్చిలో వెళ్ళిపోయింది. అదే నెల అమెరికాలో తెల్ల ఆస్బెస్టాస్‌ని బ్యాన్ చేశారు, వార్త చూసి అమ్మకి చెప్పా, మనకి బ్యాన్ లేదా అంది, లేదమ్మా, రష్యా నుంచి కొనుక్కుంటున్నాం అన్నా.

జూలైలో ఒంగోలులో ఈదురుగాలికి మా పాత ఇంటి వెనక వంటపాక మీద రెండు రేకులు పగిలాయి. మేస్త్రి కొత్త రేకు కొలతకి కోస్తున్నాడని అమ్మ వీడియో కాల్ చేసింది. గ్రైండర్ మోత, తెల్లటి పొడి మబ్బులా లేస్తోంది, మేస్త్రి ముక్కుకి తుండుగుడ్డ కూడా లేదు. అమ్మా, ఆపమను, ముందు తడపమను, నువ్వు దూరం జరుగు అని అరుస్తున్నా. అమ్మ ఫోన్ అతని మొహం ముందు పెట్టి "అమెరికాలో మా అమ్మాయి, నీళ్ళు పోసి కొయ్యాలంట" అంది. అతను నవ్వి "అట్టాగేనమ్మా" అని బకెట్‌లోంచి చెంబుతో తీసి రేకు మీద ధారగా పోశాడు. నెట్‌వర్క్ పోయి బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ వచ్చేసరికి గ్రైండర్ మోత వినపడుతోంది, అమ్మ ఫోన్‌ని అరుగు మీద పెట్టి వెళ్ళినట్టుంది, తెర మీద రేకుల కప్పు ఒక్కటే కనపడుతోంది.

"అమ్మా, తడిదే కోస్తున్నాడా?" అంటున్నా.